బావగారి పన్ను, దీపావళి పిలుపు

సంబల్‌పూర్,
5 అక్టోబరు 1986

బావగారికి,

మీ కుడి బుగ్గ కులాసాయేనా? మిగతా మీ సంగతి తర్వాత అడుగుతాను, ముందు బుగ్గ సంగతి చెప్పండి.

నాకెలా తెలిసిందని ఆశ్చర్యపోకండి. మా ఆయన పోయిన వారం ఆఫీసు పని మీద కటక్ వచ్చారు. అక్కడి చాందినీ చౌక్‌లో మీరు కనబడ్డారట. "మీ బావ బుగ్గలో నిమ్మకాయ దాచుకుని నడుస్తున్నాడు పునీ, నన్ను చూసి పక్క సందులోకి తిరిగాడు" అని చెప్పారు. "మా బావ నిమ్మకాయలు దాచుకునే మనిషి కాదు, పన్నై ఉంటుంది" అన్నాను. పన్నేనా? ఎన్నాళ్ళనుంచి? అక్క ఉంటే మొదటి రోజే చెవి పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కుపోయేది. ఇప్పుడా పని నా మీద పడింది. చెయ్యి చూస్తే మూడు వందల కిలోమీటర్ల అవతల ఉంది.

ఇంకో మాట. అసలు ఉత్తరం దీనికోసమే. దీపావళి నవంబరు ఒకటిన. పోయిన ఏడు మీ ఇంట్లో పెద్దల పిలుపు లేదు. అక్క పోయి రెండు నెలలే, ఉండకూడదు కూడా. ఈ భాద్రపదంతో ఏడాది తిరిగింది, సాంవత్సరికం పెట్టారు, అక్క పెద్దల్లో కలిసింది. ఈ దీపావళి సాయంత్రం మీరు మేడ ఎక్కి, జనుప పుల్లలు వెలిగించి పైకెత్తి, చీకట్లో రండి, వెలుగులో వెళ్ళండి అని పైలోకాల్లో ఉన్న మీ పెద్దల్ని పిలిచేటప్పుడు మొదటిసారి అక్క కూడా వింటుంది.

మీకు పిల్లలు లేరు. నేను పిలుద్దామా అంటే ఇంకో ఇంటికి వచ్చేసినదాన్ని. పైగా మా అత్తవారి వైపు ఈ పిలుపే లేదు, టపాకాయలు కాల్చి పడుకుంటారు. కాబట్టి మా అక్కని పిలవడానికి లోకంలో మీరొక్కరే ఉన్నారు. గొంతెత్తి పిలవాలి సుమా. కాలువల ఆఫీసులో గుమాస్తాలతో గొణిగినట్టు గొణిగితే పైవాళ్ళకి వినబడదు.

పిలుస్తానని ఒక్క ముక్క రాయండి, చాలు.

మీ బుగ్గ క్షేమం కోరే మరదలు,
ప్రమోదిని

*

కటక్,
9 అక్టోబరు

పునీ,

పన్నే. కింది వరస, కుడివైపు, చివరి దానికి ముందుది. మూడు నెలలైంది. లవంగం పెడితే ఊరుకుంటుంది. తీస్తే మళ్ళీ మొదలు.

అభిరామ్ బాబును చూసి తప్పుకోలేదు. చూడలేదు. చూసి ఉంటే ఇంటికి తీసుకొచ్చేవాణ్ణి. ఇంట్లో పెట్టడానికి ఏమీ లేదు, అది వేరే సంగతి.

మన వీధి దసరా పూజ పందిరికి ఈ ఏడు కొత్త వెండి పని చేయించారు. మీ అక్క అయితే రోజూ మధ్యాహ్నం వెళ్ళి ఎంతవరకు వచ్చిందో చూసి వచ్చేది. నేను ఇంకా చూడలేదు.

మార్చిలో రిటైరవుతాను. ఆలోగా పాత కాలువల పటాలన్నీ కొత్త కాగితం మీదికి ఎక్కించమన్నారు. అందులో సగం కాలువలు ఇప్పుడు లేవు. అయినా గీయాలి.

అభిరామ్ బాబును అడిగానని చెప్పు.

కులమణి

*

సంబల్‌పూర్,
13 అక్టోబరు

బావగారికి,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. తిరగేసి చూశాను. వెలుతురుకి పెట్టి చూశాను. పన్ను ఉంది, పందిరి ఉంది, లేని కాలువలు కూడా ఉన్నాయి. నేనడిగిన దానికి జవాబు మాత్రం లేదు. మా ఆయనకి చూపిస్తే, "ఇంజనీర్లు కొలతలిచ్చి డబ్బు సంగతి రాయరు చూడు, అదే పద్ధతి" అన్నారు. ఆయన హీరాకుద్ ఆనకట్ట ఆఫీసులో ఇరవై ఏళ్ళనుంచీ ఉన్నారు, ఆయనకి తెలుస్తుంది.

సరే, పన్నుతోనే మొదలుపెడదాం. లవంగాలతో మూడు నెలలు గడిపారా! అది పన్ను అనుకున్నారా, పలావు అనుకున్నారా? వెంటనే మన చీనా పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. లియావ్ డాక్టరు ఇంకా ఆ పాత కుర్చీలోనే పీకుతున్నాడా? నా పాలపన్ను వాళ్ళ నాన్న పీకాడు. నేను ఆయన వేలు కొరికాను. "ఈ పిల్లకి పళ్ళ జబ్బేమీ లేదు, భేషుగ్గా ఉన్నాయి" అన్నాడట.

దీపావళికి ఇంకా పంతొమ్మిది రోజులుంది. రేపే పీకించుకుంటే అప్పటికి పుండు మానుతుంది, నోరు అరవడానికి సిద్ధంగా ఉంటుంది. నేను అన్నీ లెక్క వేసే చెబుతున్నాను.

పూజలో మా వీధివాళ్ళు నాచేత శంఖం ఊదించారు. మా ఆయన, "పునికి ఊపిరి తక్కువని ఎవరూ అనలేరు" అన్నారు. అది మెచ్చుకోలో కాదో ఇంకా ఆలోచిస్తున్నాను.

జవాబులో రెండే ముక్కలు చాలు. "పన్ను పీకించాను. పిలుస్తాను." ఇంతే.

జవాబు కోసం గుమ్మంలో నిలబడ్డ,
ప్రమోదిని

*

కటక్,
18 అక్టోబరు

పునీ,

పన్ను ఈ ఉదయం తీయించాను.

నలభై నిమిషాలు పట్టింది. వేరు వంకర తిరిగి ఉంది. లియావ్ డాక్టరు ఒక కాలు కుర్చీ మీద పెట్టి లాగాడు. తర్వాత పన్ను చూపించి, "కులమణి బాబూ, ఇది పన్ను కాదు, మర్రిఊడ. మూడు నెలలు దీంతో కాపురం చేశారా? మీకు నొప్పి తెలియదా, తెలిసినా చెప్పరా?" అన్నాడు. నోట్లో దూది ఉండడం వల్ల జవాబు చెప్పే అవసరం లేకపోయింది.

ఆయన చెప్పినవి: గంటసేపు దూది గట్టిగా కొరికి పట్టుకోవాలి. ఈ రోజు ఉమ్మకూడదు. పుక్కిలించకూడదు. దేన్నీ పీల్చి తాగకూడదు. కిళ్ళీ, చుట్ట ముట్టకూడదు. బుగ్గ మీద పైనుంచి చల్లటి తడిగుడ్డ వెయ్యాలి. వేడి వద్దు. చల్లగా మెత్తగా ఉన్నదే తినాలి. తల ఎత్తు పెట్టి పడుకోవాలి. మత్తు దిగకముందే నొప్పి మాత్ర వేసుకోవాలి, నొప్పి వచ్చాక వేసుకుంటే అది ముందుంటుంది, మాత్ర వెనకబడుతుంది. రేపటినుంచి గోరువెచ్చని ఉప్పునీళ్ళు నోట్లో పట్టి ఊరికే వదిలెయ్యాలి.

అన్నిటికన్నా ముఖ్యమని ఒకటి చెప్పాడు. "పన్ను గుంటలో రక్తం గడ్డకడుతుంది చూడండి, అదే మందు. అంతకన్నా మంచి మందు నా దగ్గర లేదు. దాన్ని కదపొద్దు. నాలుకతో వెతకొద్దు. మీది మాట వినే నాలుకలా ఉంది, పరవాలేదు."

నోరు పెద్దగా తెరవవద్దని కూడా అన్నాడు. కాబట్టి దీపావళికి అరవడం ఈ ఏడు కుదరదు. వచ్చే ఏడు చూద్దాం.

అటుకులు పెరుగులో నానబెట్టి ఉంచాను. రాసేటప్పుడు కూడా చెవి వరకు లాగుతోంది.

కులమణి

*

సంబల్‌పూర్,
21 అక్టోబరు

గుంట పడ్డ బావగారికి,

మర్రిఊడ పీకించుకున్నందుకు అభినందనలు. మీ ఉత్తరం మొత్తం చదివి మా ఆయన, "మీ బావ జీవితంలో ఇంత పెద్ద ఉత్తరం రాయలేదు" అన్నారు. నిజమే. డాక్టరు చెప్పినవన్నీ వరసపెట్టి రాశారు, నోరు తెరవొద్దన్నది మాత్రం చిట్టచివర, వెళ్ళిపోతూ గుమ్మంలో చెప్పినట్టు చెప్పారు. నాకు తెలియదా మీ సంగతి?

మూడు నెలలు లవంగాలతో నెట్టుకొచ్చిన మనిషి, సరిగ్గా దీపావళికి పద్నాలుగు రోజుల ముందు పన్ను పీకించుకున్నాడు. పీకించుకోమన్నది నేనే, ఒప్పుకుంటాను. నోరు బాగుపడాలని పీకించుకోమన్నాను కాని, నోరు మూసుకోవడానికి కాదు. ముహూర్తం పంచాంగం చూసి పెట్టించారా?

లేకపోతే ఇంకో అనుమానం. యాభై ఏడేళ్ళ మనిషి ఇన్నాళ్ళకి పళ్ళు బాగుచేయించుకుంటున్నాడంటే ఎక్కడో పెళ్ళిచూపులు ఉండి ఉంటాయి. చెప్పండి, నేనేమీ అనుకోను. పిల్లని నేనే చూసి పెడతాను. మా వీధిలో ఒకావిడ ఉంది, తనకీ రెండు పళ్ళే తక్కువ, జోడీ కుదురుతుంది.

సరే, నవ్వింది చాలు, నవ్వితే మీకు నొప్పి. మెత్తటివి తినండి. చద్దన్నం మెత్తగా పిసికి చల్లగా తాగండి, పచ్చిమిరపకాయ కొరకద్దు. గింజలున్నవి తినకండి, గుంటలో చిక్కుకుంటాయి. మన ఒడియా లెక్కన పున్నమితోనే కార్తీకం వచ్చింది, ఎలాగూ చేప లేదు కాబట్టి ముల్లు భయం లేదు. ఇక కిళ్ళీ జోలికి వెళ్ళారో, మా అక్క మీద ఒట్టే!

మీరు ఇంత అవస్థలో ఉన్నారని నాకూ దిగులుగా ఉంది. అందుకని ఒక పని చేశాను. ఏమిటో ఇప్పుడు చెప్పను.

దిగులుతోనూ అనుమానంతోనూ,
ప్రమోదిని

*

కటక్,
22 అక్టోబరు

పునీ,

నిన్నటినుంచి నొప్పి పెరిగింది. తీయించిన రోజు కన్నా ఎక్కువ. మూడో రోజుకు తగ్గుతుందన్నారు. తగ్గలేదు. చెవిలోకి, కణతలోకి, మెడలోకి పాకింది. మాత్ర రెండు గంటలు పనిచేస్తుంది.

ఈ ఉదయం డాక్టరు చూశాడు. గుంటలో గడ్డ లేదు. ఊడిపోయింది. కింద ఎముక గాలికి తెరుచుకుని ఉంది, దాని నొప్పే ఇది అన్నాడు. "గుంట ఖాళీగా ఉంది కులమణి బాబూ. ఏం చేశారు?" అన్నాడు. గోరువెచ్చని నీళ్ళతో కడిగి, లవంగ నూనెలో తడిపిన పట్టీ లోపల పెట్టాడు. పావుగంటలో నొప్పి సగం తగ్గింది. రెండు రోజులకొకసారి వచ్చి పట్టీ మార్పించుకోమన్నాడు. వారం పది రోజుల్లో లోపలనుంచి కొత్త కండ వస్తుందట. భయపడేదేమీ లేదన్నాడు.

గడ్డ ఎలా ఊడిందని నువ్వు అడగకు.

ఆఫీసుకు వెళ్ళాను. గీసిన ఒక కాలువ వంకరగా వచ్చింది.

కులమణి

*

కటక్,
24 అక్టోబరు

ప్రమోదినికి,

21వ తేదీ ఉత్తరం అందింది. పెళ్ళిచూపుల మాట చదివాను.

ఈ రోజు పట్టీ మార్చారు.

కులమణి పరిడా

*

సంబల్‌పూర్,
25 అక్టోబరు

బావగారికి,

22వ తేదీ ఉత్తరం ఇప్పుడే అందింది. అయ్యో, ఎంత బాధపడుతున్నారో! మా అత్తగారికి ఇలాగే అయింది, ఎముక నొప్పి అంటే పురిటి నొప్పి నయమని ఆవిడ అనేది. ఒంటరిగా ఎలా ఓర్చుకుంటున్నారు? ఎవరన్నా అన్నం పిసికి పెడుతున్నారా?

ఇంత జాలి చాలు. ఇక తిట్లు.

ఎలా ఊడిందని అడగకూడదా? నేనెందుకు అడుగుతాను, నాకు తెలుసు కదా! కిళ్ళీ! మొదటి రోజే నాలుక దురద పెట్టి ఉంటుంది. అక్క ఇంట్లో ఆకుల పెట్టె ఎక్కడుంటుందో నాకు తెలియదా? వంటింటి అరలో, కుడి చేతి వైపు. ఒకటి చుట్టి ఈ బుగ్గలో కాకుండా ఆ బుగ్గలో పెట్టుకుంటే ఏమవుతుందిలే అనుకుని ఉంటారు. పీల్చారు, ఉమ్మారు, గడ్డ ఎగిరిపోయింది. మీరు రోజుకి పదిహేను కిళ్ళీలు తినే మనిషి. అక్క చుట్టి చుట్టి వేళ్ళకి పట్టిన సున్నం పండగలకి కూడా పోయేది కాదు. ఒట్టు పెట్టినా లక్ష్యపెట్టలేదు కదా! అయినా నా ఒట్టు ఇంకా దారిలోనే ఉండి ఉంటుంది, పోస్టువాళ్ళని అనాలి.

తప్పు ఒప్పుకుంటూ ఒక కార్డు ముక్క రాయండి. శిక్షగా దీపావళినాడు మూడుసార్లు పిలవాలి.

కోపంతో,
ప్రమోదిని

*

సంబల్‌పూర్,
28 అక్టోబరు

బావగారికి,

నిన్న మీ 24వ తేదీ ఉత్తరం వచ్చింది. మొత్తం రెండు పంక్తులు. కింద "పరిడా" అని ఇంటిపేరుతో సంతకం. పైన పునికి బదులు ప్రమోదిని. ఎప్పుడూ అలా రాయలేదు మీరు. మా ఆయన చదివి కాగితం మడిచి ఇచ్చి ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోతేనే నాకు భయం.

ఆ పెళ్ళిచూపుల ముక్క రాసినప్పుడు మీకు అంత నొప్పిగా ఉందని నాకు తెలియదు. బావా మరదళ్ళం, నా పదిహేనో ఏటినుంచి మిమ్మల్ని ఇలాగే ఏడిపిస్తున్నాను, అక్క పక్కనుంచి నవ్వుతూ ఉండేది. ఆ నవ్వేవాళ్ళు లేకపోతే వేళాకోళం వేళాకోళంలా వినబడదని నాకు తట్టలేదు. తప్పు నాదే. ఇక ఆ మాట ఎత్తను.

కాని రెండు సంగతులు చెప్పకుండా ఉండలేను.

ఒకటి. నేను చేశానన్న పని. నోరు తెరవకూడదని మీరు రాసిన ఉత్తరం అందిన రోజే లియావ్ డాక్టరుకి కార్డు రాశాను. "చీనా పళ్ళ డాక్టరు, కటక్" అని రాస్తే చేరిపోయింది. ఈ ఉదయం ఆయన జవాబొచ్చింది. చక్కటి ఒడియా రాస్తాడు, మీకన్నా నాలుగు ముక్కలు ఎక్కువే రాశాడు. "అమ్మా, మీ బావగారిని మొదటి రెండు రోజులు నోరు పెద్దగా తెరవవద్దన్న మాట నిజం. ఇప్పుడు తెరవవచ్చు. తెరవాలి కూడా. పొద్దున, సాయంత్రం మెల్లగా తెరిచి మూస్తూ ఉండకపోతే దవడ బిగుసుకుపోతుంది. నేను ఈ మాట ఆయనకి రెండుసార్లు చెప్పాను. ఆయన చాలా మర్యాదగా తల ఊపి, నోరు మూసుకుని వెళ్ళిపోతున్నారు. మీ చిన్నప్పుడు మా నాన్న వేలు కొరికింది మీరేనా?"

ఇదీ ఆయన రాసింది. నేనింకేమీ అనను.

రెండోది. మీకు తెలుసు, తెలియనట్టుంటారు. అక్కకి జ్వరమని మీ తంతి అందిన రోజున మహానది పొంగి రోడ్డు తెగింది. నేను మూడు బస్సులు మారి వచ్చేసరికి మీరు శ్మశానంనుంచి తిరిగొచ్చి తడిబట్టలతో అరుగు మీద కూర్చున్నారు. నన్ను చూసి "కాళ్ళు కడుక్కో" అన్నారు. అంతే. నేను అక్కని చూడలేదు, పిలవలేదు. ఒక్కసారి పిలిచే వీలు నాకు లేకుండా పోయింది. అందుకే మిమ్మల్ని ఇంత పీక్కు తింటున్నాను. మీరు పిలిస్తే నేనూ పిలిచినట్టే అనుకుంటాను. మీరు పిలవకపోతే అక్కని ఎవరూ పిలవనట్టే.

బలవంతం లేదు. కోపం కూడా లేదు.

మీ పుని

*

కటక్,
30 అక్టోబరు

పునీ,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. నొప్పి బాగా తగ్గింది. నిన్న పట్టీ తీసేశారు, మళ్ళీ పెట్టలేదు. మాత్ర ఒక్కటే, అదీ పడుకునే ముందు.

కిళ్ళీ తినలేదు. పోయిన ఏడు భాద్రపదంనుంచి తినలేదు. ఆకుల పెట్టె నువ్వు చెప్పిన అరలోనే ఉంది. నాకు చుట్టడం రాదు. బజారులో కొనుక్కోవచ్చు. కొనుక్కోలేదు.

గడ్డ పుక్కిలించడం వల్ల పోయింది. పన్ను తీయించిన సాయంత్రం అటుకులు తిని పెరట్లోకి వెళ్ళాను. చెంబు అందుకుని పుక్కిలించాను. ఎంగిలి నోటితో లోపలికి రానిచ్చేది కాదు మీ అక్క, నీకు తెలుసు. పన్నెండుసార్లు. వంటింటి గుమ్మంలో నిలబడి లెక్కపెట్టేది. ఎనిమిదికి ఆపితే "ఇంకా నాలుగు" అనేది. ఇరవై తొమ్మిదేళ్ళు. ఆ రోజు డాక్టరు చెప్పింది నాకు గుర్తొచ్చింది, కాని పన్నెండూ అయ్యాక గుర్తొచ్చింది. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. నువ్వు నవ్వుతావని రాయలేదు. నవ్వుకో. నాకూ కొంచెం నవ్వొచ్చింది, బుగ్గ అడ్డం వచ్చింది.

డాక్టరు నోరు తెరవద్దన్నది రెండు రోజులే. నేను దాన్ని పద్నాలుగు చేశాను. అది కూడా నిజమే.

పెళ్ళిచూపుల మాటకు కోపం రాలేదు. ఆ ఉత్తరం చదువుతూ, మీ అక్కకు చూపిద్దామని లేచాను. రెండడుగులు వేశాను కూడా. తర్వాత జవాబు రాయడం కుదరలేదు.

పిలుపు సంగతి. మా నాన్నను పిలిచాను, అమ్మను పిలిచాను, తాతను పిలిచాను. వాళ్ళు పెద్దవాళ్ళు. అప్పుడు మీ అక్క పక్కన నిలబడి పుల్లలు అందించేది. ఇప్పుడు ఆ పుల్లలు పైకెత్తి ఆమెను పిలిస్తే, ఆమె అక్కడ ఉందని నా నోటితో నేను ఒప్పుకున్నట్టు. ఇంతవరకు ఒప్పుకోలేదు. సాయంత్రం వచ్చి తాళం తీసేటప్పుడు లోపల ఎవరో ఉన్నట్టే ఉంటుంది. ఒక్క క్షణమే. పిలిస్తే అది కూడా పోతుందేమో. అందుకే పన్ను అడ్డం పెట్టుకున్నాను.

నువ్వు వచ్చిన రోజున కాళ్ళు కడుక్కోమన్నాను. ఇంకేం అనాలో తెలియలేదు.

ఎల్లుండి దీపావళి. ఏం చేస్తానో తెలియదు. మాట ఇవ్వలేను.

కులమణి

*

కటక్,
2 నవంబరు

పునీ,

నిన్న పిలిచాను.

పొద్దున బజారులో జనుప పుల్లల కట్ట కొన్నాను. కొన్నంత మాత్రాన పిలవాలని లేదనుకుని కొన్నాను. సాయంత్రం వీధిలో అందరి మేడల మీదా వెలుగు కనబడింది. పైకెక్కాను. పక్కింటి హారామణి పిన్ని తన మేడ మీద మనవలతో ఉంది. నన్ను చూసి కేకవేసింది. "ఏం కులమణీ, పన్ను పోయిందని మేడ ఎక్కడం కూడా మానేశావనుకున్నాను! నాకు ఒక్క పన్నూ లేదు, నేను పిలవడం లేదూ? ఎక్కు, ఎక్కు, పుల్లలు వెలిగించు!"

వెలిగించాను. మొదటిసారి గాలి తప్ప మాట రాలేదు. రెండోసారి వచ్చింది కాని, హారామణి పిన్ని, "గొణగకు. వాళ్ళేమన్నా మీ ఆఫీసువాళ్ళా?" అంది. నువ్వు రాసిన మాటే. మీరిద్దరూ ఉత్తరాలు రాసుకుంటున్నారేమోనని అనుమానం వచ్చింది.

మూడోసారి నోరు తెరిచాను. దవడ కలుక్కుమంది. పుండు చివర కొంచెం చిట్లింది, ఉప్పగా తగిలింది. అయినా పూర్తిగా తెరిచాను. మా నాన్నను, అమ్మను, తాతను, అందరినీ చీకట్లో రండని పిలిచాను. తర్వాత మీ అక్కను పేరు పెట్టి పిలిచాను. ఇంట్లో పేరు పెట్టి పిలవడం నాకు అలవాటు లేదు. బయటివాళ్ళకు చెప్పేటప్పుడు తప్ప ఆ పేరు నా నోట రాలేదు. సౌదామినీ అని పిలిచాను. వీధి అవతలి మేడల మీదివాళ్ళు కూడా తిరిగి చూశారు.

రెండో సగం ఉంది కదా, వెలుగులో వెళ్ళండి అనడం. అది రాలేదు. పుల్లలు వేళ్ళ దాకా కాలాయి. ఇసుకలో గుచ్చాను. పిన్ని, "మిగతాది అనవా?" అంది. "నోరు నొప్పిగా ఉంది పిన్నీ" అన్నాను. ఒక గిన్నెలో పాలలో ఉడికించిన మెత్తటి అటుకులు గోడ మీదినుంచి అందించింది. "నమలక్కర్లేదు, మింగు" అంది.

కిందికి వచ్చి తిన్నాను. ఉప్పునీళ్ళు నోట్లో పట్టి, పుక్కిలించకుండా వదిలేశాను. మాత్ర వేసుకోలేదు. తలుపు గడియ పెట్టలేదు. తాళం తీసేటప్పుడు ఉన్నట్టుంటుందని రాశాను కదా, నిన్న తాళంతో పని లేకుండానే అలా ఉంది.

ఈ ఉదయం ఐదున్నరకు మళ్ళీ మేడ ఎక్కాను. తెల్లవారుతోంది. చుట్టుపక్కల మేడల మీద ఎవరూ లేరు. మిగతా సగం అప్పుడు అన్నాను. నిన్న వీధంతా వినేట్టు పిలిచాను. వెళ్ళమనడం మాత్రం ఆమెకు వినబడితే చాలని నెమ్మదిగా అన్నాను.

కులమణి